మంచినీళ్ల డబ్బా

మా పాళెంలో నాతో మాట్లాడేవాళ్లు తక్కువ. తప్పు వాళ్లది కాదు, నా నోటిది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నవాడు నన్ను చూసే అని ఉంటాడు. అయితే మూడేళ్ల కిందట మా ఆయన గంగులయ్య చేపల వేటకు పోయి తిరిగి రాకపోయేసరికి, నోటితో పని లేకుండానే ఒంటరిదాన్నయ్యాను. పడవ దొరికింది, వల దొరికింది, కూడా వెళ్లిన ఇద్దరూ ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. మనిషి మాత్రం దొరకలేదు. "ఇంకేముందిలే అంకాలమ్మా, కార్యం చేసెయ్" అన్నారు పెద్దలు. శవాన్ని కళ్లతో చూడకుండా బొట్టెట్లా తీస్తానని వాళ్ల మీదికి ఎగిరాను. అంతే, ఆనాటి నుంచి పేరంటానికి పిలిచేవాళ్లు లేరు. ముత్తైదువులకు నా బొట్టు మీద నమ్మకం లేదు, మొగుడు పోయినవాళ్లకు నా బొట్టు మీద కోపం. ఎండుచేపల గంప ఎత్తుకుని, మైపాడు బస్సెక్కి, నెల్లూరు వీధుల్లో "నెత్తళ్లో" అని అరిస్తే తప్ప నా గొంతు నాకే వినిపించేది కాదు.

అట్లాంటి నా పక్కింట్లోకి, ఆ ఏడు వానలు పట్టే ముందు, బిందు కాపురానికి వచ్చింది. గూడూరు పిల్ల. నిమ్మకాయల వాసన మధ్య పుట్టి పెరిగింది, చేపల వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. మొగుడు కిషోర్ మా పాళెం వాడే, అమ్మానాన్నా లేనివాడు. మద్రాసు హార్బరులో పెద్ద బోటు మీద పని. సముద్రం మీదికి పోతే మూడు వారాలకు గానీ ఇల్లు చేరడు.

మా రెండు పెరళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. వచ్చిన రోజే దాని మీద నుంచి వంగి అడిగింది.

"అత్తా, ఈ బోరు నీళ్లేంది ఇంత ఉప్పగా ఉండాయి?"

"సముద్రం పక్కన బోరేస్తే చెరుకురసం వస్తాదా? మంచినీళ్లు కొళాయిలో రెండ్రోజులకోసారి వస్తాయి. పట్టుకోని దాచుకోవాల. ఒక్క చుక్క ఒలకబోసినా నా చేత తిట్లు తింటావ్" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. నా మాటకు ఒక మనిషి నవ్వి ఎన్నాళ్లయిందో! ఆ పొద్దంతా నాకు ఆ నవ్వే చెవుల్లో ఉంది.

నా పెరట్లో మునగచెట్టు కింద బట్టలుతికే బండ ఉంది. ఫోను సిగ్నలు ఆ బండ మీదే బాగా అందుతుందని బిందు కనిపెట్టింది. నేను గంపెత్తుకుని పోగానే గోడ దాటి వచ్చి, బండ మీద కూర్చుని, కిషోర్ ఒడ్డునున్న రోజుల్లో వాడితో, లేని రోజుల్లో వాళ్లమ్మతో మాట్లాడేది. మధ్యాహ్నం నేను తిరిగి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉండేది. ఇద్దరం అన్నాలు అక్కడే తినేవాళ్లం.

ఆ బండ పక్కనే మా ఆయన మంచినీళ్ల డబ్బా. నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా, గిన్నె ముంచుకోవడానికి వీలుగా మూతి వెడల్పుగా కోసింది. వేటకు పోయే ప్రతి పడవలోనూ అట్లాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని నేను ఎవర్నీ ముట్టనిచ్చేదాన్ని కాదు. కొళాయి వచ్చినప్పుడల్లా తగ్గినంత పోసి అంచుదాకా నింపేదాన్ని. మూడేళ్లలో పారబోసింది లేదు, కడిగింది లేదు. ఎందుకని బిందు ఒకసారి అడిగితే, "నీకెందుకు?" అని నోరు మూయించాను.

ఒకరోజు అన్నం తింటూ ఆ పిల్ల డబ్బాలోకి తొంగి చూసింది.

"అత్తా, నీళ్లలో ఏందో పురుగులు ఎగరతా ఉండాయి."

నేనూ చూశాను. సన్నగా, వంకరగా, రొయ్య పిల్లల మాదిరి పైకీ కిందికీ కొట్టుకుంటున్నాయి.

"ఎగరనీ. ప్రాణి బతికే నీళ్లు మంచివే. చెడిపోయిన నీళ్లలో చేప నిలస్తాదా?" అన్నాను. చేపలు పట్టేవాళ్లం నీళ్లను చూసే చూపు అది. మాకు తాతల నాటి లెక్క.

అసలు సంగతి వేరే. ఆ పురుగుల్ని చూసి నాకు లోపల సంతోషమేసింది. మూడేళ్లుగా చచ్చినట్టు పడివున్న నీళ్లలో ప్రాణం ఆడుతోంది. ఆయన ఎక్కడో బతికే ఉన్నాడనడానికి అదొక గుర్తు అనుకున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి. ఒంటరిగా బతికే మనిషికి గుర్తులకేం కరువు?

దీపావళి దాటాక వానలు ముదిరాయి. పై వీధిలో జ్వరాలు మొదలయ్యాయి. ఆశా కార్యకర్త వనజాక్షి చేతిలో టార్చిలైటు, సుద్దముక్క పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ, కనిపించిన తొట్టినల్లా బోర్లిస్తోందని కొళాయి దగ్గర విన్నాను. వినీ వినగానే ఇంటికొచ్చి డబ్బాను పాత వలకుప్ప వెనక్కి నెట్టేశాను. వనజాక్షి నాకు ఆడబిడ్డ కూతురే. పుట్టినప్పుడు ఎత్తుకుని తిప్పినదాన్ని. అయినా ఆ రోజు తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"అత్తా, పై వీధిలో ఆరుమందికి డెంగీ. నీళ్లు నిలవుండేవి ఏముంటే అవి చూపించు."

"మురుక్కాలవ అవతలుండాది, పోయి అది చూడు. దోమలు పుట్టేది ఆడ."

"అది వేరే దోమ. ఇది మురుగు ముట్టదత్తా. దీనికి మంచినీళ్లే కావాల."

"మంచినీళ్లలో చెడ్డది పుడతాదా? పేరులోనే ఉండాదే, మంచి అని!"

"అక్కడే మనం దెబ్బతింటా ఉండేది" అంది వనజాక్షి. పొద్దుటి నుంచి ఎన్ని గడపల్లో చెప్పిందో, గొంతు బొంగురుపోయి ఉంది. "దీని కాళ్లకు తెల్ల చారలుంటాయి. పగలే కుడతాది. నీళ్లలో పురుగు వారం తిరిగేలోపల దోమై లేస్తాది. అందుకే శుక్రవారం శుక్రవారం నీళ్లన్నీ పారబోసి, లోపల పీచుతో రుద్ది, బోర్లించి ఎండబెట్టమంటా ఉండాం. గుడ్లు తొట్టి లోపలి గోడకు అంటుకోని ఉంటాయి, వట్టిగా పారబోస్తే పోవు."

నాకు శుక్రవారం అన్న మాట దగ్గరే ఒళ్లు మండిపోయింది.

"శుక్రవారమా! లక్ష్మి ఇంటికొచ్చే వారం, ఏ ఆడదన్నా నీళ్ల బాన బోర్లిస్తాదంటే? చదువుకున్నావు గదా, బోర్లించిన కుండ ఏ ఇంట్లో ఉంటాదో తెలవదా? పీనుగ లేచిన ఇంట్లో!"

"అయితే బుధవారం బోర్లించు తల్లీ. వారానికోసారి అయితే చాలు, ఏ వారమైతే నాకేంది."

"నా ఇంట్లో నిలవ నీళ్లు లేవు. తాగే కడవ లోపలుండాది, మూతేసి. రాసుకో పో."

వనజాక్షి నా భుజం మీదుగా పెరట్లోకి ఒకసారి చూసింది. తర్వాత తలుపు మీద సుద్దతో తేదీ వేసి, టిక్కు పెట్టి పోయింది. గోడ అవతల నిలబడి బిందు అంతా విన్నది. డబ్బా సంగతి ఆ పిల్లకు తెలుసు. నా మొహం చూసి గమ్మున నోరు మూసుకుని లోపలికి పోయింది. అప్పుడు ఎంత ముద్దొచ్చిందో నాకా పిల్ల!

పది రోజులు తిరక్కముందే బిందు మంచాన పడింది.

"కళ్ల వెనకాల సూదులు పొడస్తా ఉండాయత్తా. ఒళ్లంతా విరిచేసినట్టుండాది" అని మూలిగింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. వనజాక్షి వచ్చి రక్తం తీయించింది. డెంగీ అన్నారు. ఆసుపత్రిలో చూపించి, ఇంటిదగ్గరే జాగ్రత్తగా చూసుకోమని పంపించారు. కిషోర్‌కు ఫోన్ చేస్తే అందలేదు. బోటు సముద్రం మీద ఉంది. గూడూరులో వాళ్లమ్మ కాలు విరిగి మంచంలో ఉందట. ఇంక మిగిలింది నేనే.

గంప అటక మీద పెట్టేశాను. చెప్పకూడదు గానీ, ఆ నాలుగు రోజులు నాకు పండగలా గడిచాయి. గంజి కాచాను, నుదుటి మీద తడిగుడ్డ మార్చాను, జడ వేశాను. "నువ్వు తిన్నావా అత్తా?" అని ఆ జ్వరంలోనే అడిగేది. మూడేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు నన్ను. జ్వరం తగ్గాలని అమ్మవారికి మొక్కుకుంటూనే, ఇంకొక్క రోజుంటే బాగుండునని కూడా అనుకున్నాను. నా పాపిష్టి మనసు సంగతి నేను దాచను.

వనజాక్షి రోజూ వచ్చి చూసి పోయేది. నా మోకాళ్ల నొప్పుల మాత్ర ఒకటి బిందు చేతిలో పెట్టబోతుంటే లాక్కుని కొంగున కట్టుకుంది.

"ఇవి దగ్గరికి రానీయబాక. లోపల రక్తం కారతాది. పారాసిటమాల్ ఒక్కటే. నీళ్లు, గంజి బాగా తాగించు. పగలు గూడా దోమతెర కట్టు. ఈ పిల్లను కుట్టిన దోమ రేపు నిన్ను కుడితే నువ్వూ పడతావ్. ఇంకో మాట. జొరం దిగినాక రెండ్రోజులు కళ్లలో వత్తులేసుకోని చూడు. ఇది దిగినప్పుడే దెబ్బ తీస్తాది. కడుపునొప్పన్నా, వాంతులన్నా, చిగుళ్లలో రక్తమన్నా బిన్నా, ఆ నిమిషానే నాకు ఫోన్ కొట్టు."

అది పోయాక బిందుతో అన్నాను, "దీని చదువంతా తలకిందులే. మంచినీళ్లు చెడ్డవంట, శుక్రవారం బోర్లించాలంట, జొరం దిగితే భయపడాలంట!" పడుకునే ఫక్కుమంది బిందు.

అయిదో రోజు పొద్దున జ్వరం దిగింది. ఒళ్లు చల్లబడింది. లేచి కూర్చుని చారన్నం నాలుగు ముద్దలు తింది. "దానిమ్మకాయ తినాలనుండాదత్తా" అని అడిగింది. అంతకంటేనా! ఆ పిల్ల నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. వనజాక్షి చెప్పిన మాట గుర్తులేక కాదు, నమ్మలేదు. జ్వరం దిగితే మనిషి బాగుపడినట్టే అని మా అమ్మా, అమ్మమ్మా చెప్పింది నేను నమ్మాను. గంప దించి, బస్సెక్కి నెల్లూరు పోయాను.

మూడు దానిమ్మకాయలు కొంగున కట్టుకుని మధ్యాహ్నం ఒంటిగంటకు దిగాను. బిందు ఇంట్లో మంచం ఖాళీ. దోమతెర పక్కకు తీసి ఉంది. పెరట్లో చూస్తే నా బండ మీద పక్కకు ఒరిగి పడివుంది, చేతిలో ఫోను. కిషోర్‌కు ఫోన్ అందుతుందేమోనని గోడ దాటి వచ్చినట్టుంది. పక్కన వాంతి చేసుకుని ఉంది. చేతులు పట్టుకుంటే ఐసులో పెట్టిన చేపల్లా ఉన్నాయి. ముంజేతుల మీద ఎర్రటి చుక్కలు. నోరు తెరిపిస్తే పళ్ల మీద రక్తం.

"కడుపులో నొప్పత్తా" అంది. ఆ మాట కూడా సగమే వినిపించింది.

ఎత్తడానికి వంగినప్పుడు ఆ పిల్ల పాదం మీద చూశాను. ఒక దోమ. నల్లటి కాళ్లకు తెల్ల చారలు. మిట్టమధ్యాహ్నం, ఎండలో. నేను చెయ్యి విదిలిస్తే లేచి వలకుప్ప వెనక్కి పోయింది.

వనజాక్షికి ఫోన్ కొట్టాను. పాళెంలో ఆటో తోలే మాల్యాద్రి వచ్చాడు. వనజాక్షి ముందు కూర్చుంది. దారంతా బిందు తల నా ఒళ్లో. పెద్దాసుపత్రిలో స్ట్రెచరు మీద పడుకోబెట్టి లోపలికి తీసుకుపోయారు. రాసుకునే అమ్మాయి నన్ను ఆపింది.

"పేషంటుకు మీరేమవుతారు?"

"పక్కింటిదాన్ని."

"అంటే ఏమవుతారు?"

ఎవరేమన్నా నాలుగు తిరగ్గొట్టే నా నోరు, ఆ చిన్న ప్రశ్నకు మూతపడింది. ఏమవుతాను నేను? ఎవరికి ఏమవుతాను? ఆ అమ్మాయి నా మొహం చూసి, "తల్లి అని రాస్తున్నాలే" అని తల వంచుకుంది.

రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయన్నారు. రక్తం చిక్కబడి, నరాల్లో ఉండాల్సిన నీళ్లు బయటికి కారిపోతున్నాయన్నారు. ఆ పిల్ల ఒంట్లో నీళ్లు చాలక ప్రాణం మీదికి వచ్చిందని డాక్టరు చెప్పాడు. వరండాలో గోడకు ఆనుకుని కూలబడ్డాను. వనజాక్షి పక్కన కూర్చుంది.

"నా డబ్బాలోదేనా?" అని అడిగాను.

"ఏ డబ్బా?"

చెప్పాను. వలకుప్ప సంగతి, పురుగుల సంగతి, తలుపుకు అడ్డం నిలబడ్డ సంగతి, అన్నీ. అది అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"దోమ మీద పేరు రాసుండదత్తా" అంది. "పై వీధినుంచి వచ్చుండొచ్చు. నీదే అని నేను చెప్పలేను." మళ్లీ తనే, "ఆ రోజు చూపించుంటే బాగుండేది" అంది.

దాని తర్వాత రెండు రోజులు మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

మూడో రోజు పొద్దున బిందు కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. గండం గడిచిందన్నారు. ఎవరూ లేని సమయం చూసి మంచం పక్కన స్టూలు లాక్కున్నాను. ఎన్నేళ్లుగానో గొంతులో ముల్లులా ఉన్నది ఆ పిల్ల ముందే బయటపడింది.

"ఆ డబ్బా మీ మామది బిందూ. వేటకు పొయ్యేటప్పుడు మంచినీళ్లు ఆడది మోసుకుపోయి పడవలో పెట్టాల. మా ఇంట్లో అదే పద్ధతి. ఆ రోజు పొద్దున కూరలో ఉప్పెక్కువైందన్నాడు. నా నోరు తెలుసు గదా. 'ఎక్కువైతే పోయి సముద్రం తాగు' అన్నా. ఆయన గమ్మున లేచి పొయ్యాడు. నేను పంతానికి కూర్చున్నా. నీళ్లు మోసుకుపోలా. డబ్బా పెరట్లోనే ఉండిపోయింది. మళ్లా వస్తే దాహంగా వస్తాడని నింపి పెడతా ఉండా. వనజాక్షి అడిగితే దాచినా. నీకీ గతి నా వల్లే పట్టింది."

బిందు నా వైపు తల తిప్పింది.

"మామ నీళ్లు తాగకనే పొయ్యాడా?" అని అడిగింది.

"తాగకనే పొయ్యాడు."

సూది గుచ్చి ఉన్న చేతిని మెల్లగా చాచి, తల దగ్గరున్న నీళ్ల సీసా తీసి నా ముందు పెట్టింది.

"పొద్దట్నుంచి చూస్తా ఉండా, నువ్వేం తాగలేదు. తాగత్తా" అంది.

ఆ నీళ్లు ఎట్లా మింగానో నాకే తెలియదు. ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు నేను.

ఇంకో నాలుగు రోజులకు కిషోర్ వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆసుపత్రి నుంచి నేరుగా గూడూరు తీసుకుపోతానన్నాడు. "వానలు పోయినాక తీసుకొస్తా అత్తా" అన్నాడు. కారెక్కేటప్పుడు బిందు వెనక్కి తిరిగి, "దానిమ్మకాయలు ఏం చేసినావ్?" అంది. ఆటోలోనే ఎక్కడో పడిపోయాయి. "నేనే తిన్నాలే" అన్నాను.

ఒక్కదాన్నే బస్సెక్కి ఇంటికొచ్చాను. ఆ రోజు శుక్రవారం. వలకుప్ప పక్కకు లాగి డబ్బాను బయటికి తెచ్చాను. నీళ్లలో ఇంకా ప్రాణం ఆడుతూనే ఉంది. వనజాక్షి గడపలో నిలబడి, "రేపు చేద్దాంలే అత్తా, ఈ రోజు వద్దు" అంది.

"ఈ రోజే" అన్నాను.

వంచాను. మూడేళ్ల నీళ్లు ఒక్క గుక్కలో ఇసకలోకి పోయాయి. పురుగులు ఇసక మీద కాసేపు కొట్టుకుని ఆగిపోయాయి. కొబ్బరిపీచు తీసుకుని లోపలంతా అరిగిపోయేట్టు రుద్దాను. తర్వాత డబ్బాను బండ మీద బోర్లించాను. వనజాక్షి నా వీపు మీద చెయ్యి వేసి, తర్వాతి ఇంట్లో తొట్లు చూడ్డానికి పోయింది.

వానలు పోయాయి, చలీ పోయింది. కిషోర్‌కు తడ దగ్గర ఫ్యాక్టరీలో పని దొరికిందట, అక్కడే కాపురం పెట్టారు. బిందు రెండుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి నేను చేద్దామనుకుని, ఏం మాట్లాడాలో తోచక మానుకున్నాను. పక్కింటికి తాళం. బండ మీద ఇప్పుడు బట్టలే ఉతుకుతున్నాను. శుక్రవారాలు మాత్రం వీధిలో ఎవరి తొట్టి నిండుగా కనపడినా నా నోరు ఊరుకోదు, వాళ్లు తలుపులేసుకున్నా ఊరుకోదు.

ఇంట్లో తాగే కడవ మూతేసి ఉంటుంది. ప్రతి శుక్రవారం డబ్బా కడిగి బోర్లించేటప్పుడు ఆయనతో ఒక మాట చెబుతాను.

"ఏమయ్యా, నీళ్లు ఇంక బయట పెట్టను. దాహమైతే తలుపు కొట్టు. లేచి ముంచి ఇస్తా."